తర్వాత ఏ కోర్సు? డైటీషియన్ల ప్రశ్నలకు సమాధానాలు

పోషకాహార రంగంలో చదువు, ఉద్యోగాల గురించి ప్రశ్నలు పంపమని గత సంచికలో కోరాం. వచ్చిన ఉత్తరాల్లో ఒకే తరహావి కలిపి, పేర్లు తీసేసి, ఆరింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. చాలామంది కోర్సు పేరు, ఫీజు, కాలవ్యవధి గురించే అడిగారు. ఆ కోర్సులో రోగుల దగ్గర, అనుభవం ఉన్న డైటీషియన్ పర్యవేక్షణలో ఎంతకాలం పనిచేయాల్సి ఉంటుందని ఒక్కరూ అడగలేదు. నా దృష్టిలో అన్నిటికంటే ముందు అడగవలసిన ప్రశ్న అదే కాబట్టి, చాలా సమాధానాల్లో ఆ మాట మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: నేను కరీంనగర్‌లో బీఎస్సీ న్యూట్రిషన్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటి పరిస్థితుల వల్ల దూరవిద్యలో ఎమ్మెస్సీ చేస్తూ ఏదైనా క్లినిక్‌లో పనిచేద్దామనుకుంటున్నాను. ఏడాది పీజీ డిప్లొమా చేస్తే చాలని స్నేహితురాలు అంటోంది. ఎన్‌ఐఎన్‌కు (జాతీయ పోషకాహార సంస్థ) ప్రయత్నించమని మా లెక్చరర్ అంటున్నారు. ఏది మంచిది మేడమ్?

దూరవిద్య ఆలోచన ముందు మానుకోండి. 2025 జులై-ఆగస్టు విద్యా కాలం నుంచి ఫుడ్ అండ్ న్యూట్రిషన్ సైన్స్, క్లినికల్ న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ వంటి కోర్సుల్లో దూరవిద్య, ఆన్‌లైన్ విధానాల ద్వారా కొత్త ప్రవేశాలు ఇవ్వరాదని యూజీసీ విశ్వవిద్యాలయాలకు స్పష్టంగా చెప్పింది. ఎవరైనా ఏజెంటు ఇంకా సీటు ఉందని చెబితే డబ్బు కట్టకండి. అంతకుముందే ఇటువంటి కోర్సులో చేరి చదువుతున్నవారు మాత్రం తమ విశ్వవిద్యాలయం నుంచి లిఖితపూర్వకంగా వివరణ తీసుకుని దగ్గర పెట్టుకోవాలి.

ఈ నిర్ణయం వెనుక ఉన్నది 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం. డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ వృత్తులు రెండూ దాని పరిధిలోకి వచ్చాయి. ఫిజియోథెరపిస్టులతో, ఆప్టోమెట్రిస్టులతో పాటు మనకూ జాతీయ కమిషన్, రాష్ట్ర మండళ్లు, పేర్ల నమోదుకు రిజిస్టర్లు ఉండాలని ఆ చట్టం చెబుతోంది. 2025 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ పది వృత్తులకు విడుదల చేసిన కొత్త పాఠ్య ప్రణాళికల్లో న్యూట్రిషన్ అండ్ డైటెటిక్స్ కూడా ఉంది. కాబట్టి మీరు ఇప్పుడు ఎంచుకునే చదువు ఆ రిజిస్టర్‌లో మీ పేరు చేరడానికి పనికొస్తుందా అన్నది చూసుకోక తప్పదు. కమిషన్ వెబ్‌సైటులోని పాఠ్య ప్రణాళికను ఒకసారి తెరిచి, మీరు చేరబోయే కాలేజీ సిలబస్‌తో పోల్చి చూడండి.

ఎమ్మెస్సీనా, పీజీ డిప్లొమానా అంటే, కుటుంబం రెండేళ్లు ఆగగలిగితే ఎమ్మెస్సీ చేయమంటాను. అధ్యాపక ఉద్యోగానికైనా, పీహెచ్‌డీకైనా, విదేశాలకైనా అది అవసరమవుతుంది. ఆగలేని పరిస్థితిలో పెద్ద ఆసుపత్రికి అనుబంధంగా నడిచే పీజీ డిప్లొమా తక్కువదేమీ కాదు. 1963లో ఏర్పడిన ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ నిర్వహించే ఆర్‌డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్షకు ఆసుపత్రి ఇంటర్న్‌షిప్ కావాలి. అటువంటి ఇంటర్న్‌షిప్ లేని ఎమ్మెస్సీ కన్నా, అది గట్టిగా ఉన్న డిప్లొమాయే మీకు ముందు పని నేర్పుతుంది.

ఇంటర్న్‌షిప్ గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. పడక దగ్గరికి వెళ్లి "నిన్న ఏం తిన్నారు?" అని అడిగితే నూటికి తొంభైమంది "మామూలే" అంటారు. ఆ మామూలులో ఏముందో రాబట్టడం పుస్తకంలో దొరకదు. ఇంట్లో నెలకు ఎన్ని నూనె ప్యాకెట్లు తెస్తారు, తినేవాళ్లు ఎంతమంది, అన్నం గరిటెతో పెడతారా చేత్తోనా, మజ్జిగ ఏ గ్లాసుతో తాగుతారు, పొద్దున టీతో పాటు బిస్కెట్లు ఎన్ని అని ఒక్కొక్కటే అడగాలి. అడిగింది రాసుకోవాలి, కేస్ షీట్‌లో ఉన్న క్రియాటినిన్, సోడియం, పొటాషియం విలువలతో కలిపి చూడాలి, మందుల చీటీ చదవాలి. పక్కన ఒక సీనియర్ నిలబడి, "అమ్మా, వంట చేసేది కోడలు అయితే ఈ మాటలు కోడలికి కదా చెప్పాలి" అని గుర్తు చేస్తే తప్ప అలవడని పని ఇది.

ఇక ఎన్‌ఐఎన్. మీ లెక్చరర్ చెప్పింది మంచి మాటే. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం మొదలుపెట్టిన చిన్న ప్రయోగశాల 1958లో హైదరాబాద్‌కు మారి, 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో నడుస్తోంది. అక్కడి అప్లైడ్ న్యూట్రిషన్, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఎమ్మెస్సీలకు ప్రవేశ పరీక్ష రాయాలి. సీట్లు చాలా తక్కువ. దానితో పాటు సైఫాబాద్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయపు కమ్యూనిటీ సైన్స్ కళాశాలకు, తిరుపతి పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయపు హోమ్ సైన్స్ విభాగానికి కూడా దరఖాస్తు చేయండి. ఏ కాలేజీ అయినా చేరే ముందు అక్కడి సీనియర్లను ఒక్క మాట అడగండి: ఇంటర్న్‌షిప్‌కు ఆసుపత్రిని కాలేజీ చూపిస్తుందా, మిమ్మల్నే వెతుక్కోమంటుందా?

ప్రశ్న: విజయవాడలో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో ఆరేళ్లుగా డైటీషియన్‌గా ఉన్నాను. ఎమ్మెస్సీ ఉంది, ఆర్‌డీ కూడా వచ్చింది. రోజూ అరవై డెబ్బై మందికి డైట్ చార్టులు ఇవ్వడం, కిచెన్‌ను చూసుకోవడంతోనే సరిపోతోంది. జీతం కదలడం లేదు. పీహెచ్‌డీ చేయాలా, ఎంబీఏ చేయాలా, ఏదైనా స్పెషలైజేషన్ తీసుకోవాలా?

మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. ఆర్‌డీ పూర్తిచేసిన మనిషిని అచ్చు వేసిన చార్టులు పంచడానికి వాడుకోవడం మన ఆసుపత్రుల్లో మామూలైపోయింది. దీనికి ఇంకో డిగ్రీ మందు కాదని నా అభిప్రాయం. పాఠాలు చెప్పాలని, పరిశోధన చేయాలని నిజంగా ఉంటే పీహెచ్‌డీకి వెళ్లండి, అప్పుడు యూజీసీ నెట్ హోమ్ సైన్స్ సబ్జెక్టు కూడా రాయండి. ఆసుపత్రుల నిర్వహణ వైపు మనసు ఉంటే ఎంబీఏ. ఈ రెండూ లేకపోతే, మీరున్న చోటే ఒక వార్డును మీదిగా చేసుకోండి. ఏ వార్డు అని అడిగితే, ఆంధ్రలో ఉన్న మీకు నెఫ్రాలజీ, అంటే కిడ్నీ వైద్య విభాగం అని చెబుతాను.

ఉద్దానం ప్రాంతపు కిడ్నీ వ్యాధి గురించి మీకు చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆరోగ్య పథకాల కింద ఉచిత డయాలిసిస్ అందుతుండడంతో జిల్లా కేంద్రాలకు కూడా డయాలిసిస్ కేంద్రాలు విస్తరించాయి. యంత్రాలు వచ్చినంత వేగంగా ఆ యంత్రం పక్కన కూర్చుని ఆహారం గురించి మాట్లాడగలిగేవాళ్లు రాలేదు. అమెరికాలో ప్రతి డయాలిసిస్ కేంద్రంలోనూ కనీసం ఏడాది అనుభవం ఉన్న అర్హత గల డైటీషియన్ ఉండాలని ప్రభుత్వ బీమా నిబంధనే ఉంది. అటువంటిది మన దగ్గర కూడా రావాలని కోరుకుంటున్నాను.

ఈ పనిలో ఎంత లోతు ఉందో ఒక ఉదాహరణ చూడండి. అరవై కిలోల మనిషికి కిడ్నీలు క్రమంగా దెబ్బతింటున్న దశలో, మధుమేహం లేకపోతే, రోజుకు కిలోకు 0.55 నుంచి 0.6 గ్రాముల మాంసకృత్తులు చాలని అమెరికా నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2020లో డైటీషియన్ల సంఘంతో కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతాయి. అంటే 33 నుంచి 36 గ్రాములు. అదే మనిషికి డయాలిసిస్ మొదలయ్యాక కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 60 నుంచి 72 గ్రాములు కావాలి. ఇంట్లోవాళ్ల చెవిలో మాత్రం మొదట చెప్పిన "పప్పు తగ్గించండి, గుడ్డు మానేయండి" అన్న మాటే నిలిచిపోతుంది. డయాలిసిస్‌కు వారానికి మూడుసార్లు వస్తూ, చారన్నం మాత్రమే తింటూ, కండ కరిగి, కూర్చున్న చోటి నుంచి లేవలేని రోగులను మీరూ చూసే ఉంటారు. ఆ కుటుంబానికి పాత మాట ఇప్పుడు వర్తించదని, రోజుకు రెండు గుడ్ల తెల్లసొన పెట్టవచ్చని ఒప్పించడానికి ఒక్కోసారి నాలుగైదు విడతలు మాట్లాడాలి.

పొటాషియం సంగతి కూడా అంతే. నీరసంగా ఉందని బంధువులు ప్రేమగా తెచ్చే కొబ్బరినీళ్లు ఆ రోగికి ప్రమాదం. కూరగాయలను ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయమని చెప్పాలి, వంపిన నీళ్లతో చారు పెట్టవద్దని కూడా చెప్పాలి. ఆవకాయ, ఊరగాయల్లోని ఉప్పు దాహం పెంచితే నీళ్ల లెక్క తప్పుతుంది. ఉప్పు మానలేక సోడియం తక్కువని రాసి ఉన్న ఉప్పు కొనుక్కుంటే, అందులో కొంత సోడియానికి బదులు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. అది తెలియక చాలామంది మరింత ప్రమాదంలో పడతారు. ఇవన్నీ డాక్టరు గారి మూడు నిమిషాల రౌండ్‌లో అయ్యేవి కావు.

మీ నెఫ్రాలజిస్టును కలిసి, వారంలో రెండు పూటలు డయాలిసిస్ యూనిట్‌లో ఉండడానికి అనుమతి అడగండి. ప్రతి రోగికి బరువు, రెండు డయాలిసిస్‌ల మధ్య పెరిగిన బరువు, పొటాషియం, ఫాస్ఫరస్, ఆల్బుమిన్ విలువలు నెలనెలా ఒక పుస్తకంలో రాయండి. ఏడాది తర్వాత ఆ పుస్తకం చూపించి జీతం గురించి మాట్లాడండి. ఇక్కడ కదలకపోతే అదే పుస్తకం మరో ఆసుపత్రిలో మీ బదులు మాట్లాడుతుంది. ఈ అనుభవం తర్వాత రీనల్ న్యూట్రిషన్‌లో ఏ కోర్సు చేసినా దానికి విలువ ఉంటుంది. ముందే చేస్తే అది గోడ మీద సర్టిఫికెట్‌గా మిగులుతుంది.

నెఫ్రాలజీ మీద ఆసక్తి లేకపోతే మధుమేహం, ఊబకాయం వైపు చూడండి. ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో మధుమేహం ఉన్నవారిని సుమారు 10.1 కోట్లుగా అంచనా వేసింది. 2025 మార్చిలో టిర్జెపటైడ్ మన దేశంలోకి వచ్చాక బరువు తగ్గించే ఇంజెక్షన్ల వాడకం పెరుగుతోంది. ఆకలి చచ్చిపోయిన మనిషి ఆ కొద్ది తిండిలోనే కండ కరగకుండా మాంసకృత్తులు ఎలా తినాలో చెప్పే డైటీషియన్ ఎండోక్రినాలజిస్టుకు ఇప్పుడు చాలా అవసరం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ బైపీసీ. డైటీషియన్ అవుతానంటున్నాడు. అది ఆడపిల్లల చదువని బంధువులు నవ్వుతున్నారు. పంపవచ్చా?

నిశ్చింతగా పంపండి. పైన చెప్పిన మెకారిసన్ పురుషుడే. జొన్న ప్రధాన ఆహారమైన దక్కన్ పల్లెల్లో పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధి ఎందుకు వస్తోందో పరిశోధించిన ఎన్‌ఐఎన్ మాజీ డైరెక్టర్ డాక్టర్ సి.గోపాలన్ కూడా పురుషుడే. ఐసీయూ న్యూట్రిషన్‌లోనూ, క్రీడా శిక్షణ కేంద్రాల్లోనూ అబ్బాయిలు బాగా రాణిస్తున్నారు. అయితే హోమ్ సైన్స్ కాలేజీల్లో కొన్ని మహిళలకే పరిమితం కాబట్టి, దరఖాస్తుకు ముందు ఆ వివరం చూసుకోండి. బంధువులకు సమాధానం మీ అబ్బాయి పని చెబుతుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేసి రెండేళ్లు ఆసుపత్రిలో పనిచేశాను. పెళ్లయ్యాక డాలస్ వచ్చాను, హెచ్4 వీసా మీద ఉన్నాను. ఇక్కడ డైటీషియన్ కావాలంటే మళ్లీ మొదటి నుంచి చదవాలా?

మొదటి నుంచి అక్కరలేదు, అలాగని నేరుగా ఉద్యోగమూ రాదు. మన దేశంలోని ఆర్‌డీ నమోదు అక్కడ చెల్లదు. అక్కడ రిజిస్టర్డ్ డైటీషియన్ న్యూట్రిషనిస్ట్ కావాలంటే మూడు మెట్లు ఉన్నాయి. నిర్దేశిత సబ్జెక్టులు చదివి ఉండాలి, కనీసం వెయ్యి గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి, జాతీయ పరీక్ష గట్టెక్కాలి. 2024 జనవరి 1 నుంచి ఆ పరీక్ష రాయడానికి మాస్టర్స్ డిగ్రీ తప్పనిసరి చేశారు. అంతకుముందు బ్యాచిలర్స్‌తో రాసినవారి సలహాలు ఇప్పుడు మీకు పనికిరావు. ఫేస్‌బుక్ గ్రూపుల్లో పాత సలహాలే తిరుగుతుంటాయి, జాగ్రత్త.

మీరు ముందుగా మార్కుల జాబితాలను అక్కడి గుర్తింపు పొందిన సంస్థ చేత మూల్యాంకనం చేయించండి. మీ ఎమ్మెస్సీ అమెరికా మాస్టర్స్‌కు సమానమని తేలితే పెద్ద బరువు దిగిపోతుంది. ఆ నివేదికతో, అక్కడ ఈ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎసెండ్ అనే సంస్థ ఆమోదం ఉన్న డైటెటిక్స్ ప్రోగ్రాం డైరెక్టర్‌ను కలిస్తే, మీరు ఇంకా ఏ సబ్జెక్టులు చదవాలో చెబుతారు. సాధారణంగా అక్కడి వైద్య విధానం, ఫుడ్ సర్వీస్ మేనేజ్‌మెంట్, మెడికల్ న్యూట్రిషన్ థెరపీ వంటివి చదవమంటారు. వీటిలో చాలావరకు ఆన్‌లైన్‌లో చేయవచ్చు. ఆ తర్వాత వెయ్యి గంటల శిక్షణ. కొన్ని ప్రోగ్రాంలలో ప్రిసెప్టర్లను, అంటే శిక్షణను పర్యవేక్షించేవారిని విద్యార్థే వెతుక్కోవాలి. డాలస్ చుట్టుపక్కల డయాలిసిస్ కేంద్రాల్లో, ఆసుపత్రుల్లో పరిచయాలు ఇప్పటి నుంచే పెంచుకోండి. మీ ఆసుపత్రి అనుభవం అక్కడ మీకు మాట సాయం చేస్తుంది.

వీసా విషయంలో ఒక హెచ్చరిక. హెచ్4 మీద చదువుకోవచ్చు, పనిచేయడానికి మాత్రం విడిగా వర్క్ పర్మిట్ ఉండాలి. పర్యవేక్షణ శిక్షణ ఏ లెక్కలోకి వస్తుందో ప్రోగ్రాం వారినీ, ఇమ్మిగ్రేషన్ లాయర్‌నూ ముందే అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. పరీక్ష గట్టెక్కాక టెక్సాస్ రాష్ట్రపు లైసెన్సు కూడా చూసుకోవాలి. ప్రతి ఐదేళ్లకు 75 గంటల నిరంతర విద్య పూర్తిచేస్తేనే నమోదు కొనసాగుతుంది.

ఇదంతా రెండు మూడేళ్ల పని. నిరుత్సాహపడకండి. ఇడ్లీ, పెసరట్టు, పెరుగన్నం గురించి తెలిసి, తెలుగులో మాట్లాడే డైటీషియన్ కోసం డాలస్‌లో ఎన్ని తెలుగు కుటుంబాలు ఎదురుచూస్తున్నాయో మీరే చూస్తారు.

ప్రశ్న: మూడు నెలల ఆన్‌లైన్ న్యూట్రిషన్ సర్టిఫికెట్ తీసుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో సలహాలు ఇస్తున్నాను. షుగర్ ఉన్నవాళ్లు కూడా అడుగుతున్నారు. డైట్ ప్లాన్‌లు అమ్మవచ్చా?

షుగర్ ఉన్నవారికి ఇవ్వకండి. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వేసుకుంటున్న మనిషి మీ మాట విని ఒక్కసారిగా అన్నం మానేస్తే, మందు మోతాదు అలాగే ఉండిపోయి, రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఎస్‌జీఎల్‌టీ2 రకం షుగర్ మందులు వాడుతున్నవారు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే, షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తూనే కీటోఅసిడోసిస్, అంటే రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరిగే స్థితి రావచ్చు. ఈ రెండు ప్రమాదాలూ రోగి చెప్పే మాటల్లో కనిపించవు, మందుల చీటీలో కనిపిస్తాయి. చీటీ చదవడం మూడు నెలల్లో రాదు. ఆరోగ్యవంతులకు ఎన్‌ఐఎన్ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల ఆధారంగా వంటలు, కూరగాయల ఎంపిక గురించి చక్కగా చెప్పవచ్చు. మీకు మాట చాతుర్యం ఉంది కాబట్టే అంతమంది వస్తున్నారు. దానికి తగిన చదువు కూడా తోడు చేసుకోండి, రెగ్యులర్ డిగ్రీలో చేరండి.

ప్రశ్న: ఎమ్మెస్సీ ఫుడ్స్ అండ్ న్యూట్రిషన్ పూర్తయింది. ప్రభుత్వ ఉద్యోగమే కావాలని నాన్నగారి పట్టుదల. మాకు ఏ పోస్టులు ఉంటాయి?

డైటీషియన్ అనే పేరుతో ప్రభుత్వాసుపత్రుల్లో పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. వాటి కోసమే కూర్చోకండి. స్త్రీ, శిశు సంక్షేమ శాఖలో అంగన్‌వాడీల సూపర్‌వైజర్, సీడీపీవో (శిశు అభివృద్ధి పథకం అధికారి) పోస్టులకు హోమ్ సైన్స్, పోషకాహార చదువులకు అవకాశం ఉంటుంది. అర్హతలు నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటాయి కాబట్టి మీ డిగ్రీ పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల ప్రకటనలు, ఎన్‌ఐఎన్‌లో ప్రాజెక్టు పోస్టులు కూడా గమనిస్తూ ఉండండి.

మీకు నేను ప్రత్యేకంగా సూచించేది జాతీయ ఆరోగ్య మిషన్ కింద నడిచే పోషకాహార పునరావాస కేంద్రాలు, ఎన్‌ఆర్‌సీలు. అక్కడి న్యూట్రిషనిస్ట్ పోస్టు సాధారణంగా కాంట్రాక్టుదే, జీతమూ ఎక్కువ కాదు. కానీ తీవ్ర పోషకాహార లోపంతో వచ్చిన పసిబిడ్డకు మొదట ఎఫ్-75, తేరుకున్నాక ఎఫ్-100 అనే ప్రత్యేక చికిత్సా పాలను బరువు లెక్కన కొలిచి, రాత్రుళ్లు కూడా వేళకు పట్టించి, రోజూ బరువు రాసి, ఇంటికి వెళ్లాక ఏం వండిపెట్టాలో తల్లికి చేతితో చేయించి నేర్పే పని అది. అక్కడ రెండేళ్లు పనిచేసినవారికి ప్రజారోగ్య ప్రాజెక్టుల్లో, స్వచ్ఛంద సంస్థల్లో మంచి అవకాశాలు వస్తాయి. పరీక్షలకు చదువుకుంటూనే ఈ పనిలో చేరవచ్చని నాన్నగారికి చెప్పండి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కార్యాలయం కాంట్రాక్టు ప్రకటనలను జిల్లా వెబ్‌సైటులోనే పెడుతుంది, గడువు తరచూ వారం పది రోజులే ఉంటుంది కాబట్టి మార్కుల జాబితాలు, కుల ధ్రువీకరణ, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ల నకళ్లు ముందే సిద్ధం చేసి పెట్టుకోండి.